అరకు కొండల్లో కుప్ప పోసిన కాఫీ పండు

అరకు వెళ్ళి వచ్చానని తెలిసినప్పటి నుంచి మానుకోటలో కనిపించిన ప్రతివాళ్ళూ అక్కడ ఏమున్నదని అడుగుతున్నారు. కొండలున్నాయి, గుహలున్నాయి, కాఫీ తోటలున్నాయి అని చెబుతున్నాను. అది నిజమే కానీ సగమే. నేను కొండలు చూడడానికి పోలేదు. ఒక మనిషికి ఒక మాట చెప్పడానికి పోయాను. దారిలో చూసినవన్నీ ఆ మాటను ఒక్కో పూట వెనక్కి నెట్టడానికి నేను వెతుక్కున్న సాకులు. అయినా సాకుగా చూసినా కొండ కొండే కాబట్టి, చూడనివాళ్ళ కోసం రాస్తున్నాను.

మానుకోట

మాది బయ్యారం దగ్గర పల్లె. ఎర్ర నేల, మిరప, జొన్న. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటికి నేను పీయూసీ చదివి, ఉద్యోగం లేక, మానుకోటలో మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. ఆ ఇంటి ముందుగదిలో అప్పారావు అనే ఆయన కొత్తగా పెళ్ళయిన భార్యతో అద్దెకుండేవాడు. అనకాపల్లి వైపు మనిషి. గ్రామసేవక్‌గా పనిచేసేవాడు, అంటే సైకిలు మీద ఊరూరా తిరిగి రైతులకు విత్తనం, ఎరువు, పురుగుమందుల సంగతులు చెప్పే పని. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి.

మావాళ్ళకు ఉద్యోగాలు దక్కడం లేదన్న కోపం న్యాయమైనది. నేనూ ఊరేగింపుల్లో నడిచాను, వీపు మీద లాఠీ దెబ్బ తిన్నాను. దానికి నాకు పశ్చాత్తాపం లేదు. నా తప్పు వేరు. నాకు తెలిసిన నలుగురు కుర్రవాళ్ళు, ఆంధ్ర వైపు నుంచి వచ్చిన ఉద్యోగుల్లో ఎవరెవరిని ఊరు విడిచిపొమ్మనాలో చెప్పుకుంటూ మా అరుగు మీద కూర్చున్నారు. అప్పారావు పేరు వచ్చినప్పుడు, ఆ సారు మంచోడు, రైతులకు అక్కరకొచ్చే మనిషి, ఉండనీయమని వాళ్ళే అన్నారు. నేను ఊరుకుంటే సరిపోయేది.

"మంచోడా? ఆఫీసుల కూసొని మన మాటను ఎక్కిరిస్తడు. మీరు ఇనలే, నేనిన్న" అన్నాను.

అది పచ్చి అబద్ధం. ఆయన నోటి వెంట అలాంటి మాట నేనెన్నడూ వినలేదు. ఆయన ఉద్యోగం ఖాళీ అయితే నాకు వస్తుందని ఆఫీసులో ఒక గుమాస్తా నా చెవిన వేశాడు, అంతే. మర్నాడు సాయంత్రం ఇంటి పెంకుల మీద రాళ్ళు పడ్డాయి. తెల్లవారి ఆ దంపతులు రైలెక్కారు. వాళ్ళ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని స్టేషను దాకా మోసింది నేను. దారిలో తినడానికి జొన్నరొట్టెలు కట్టి ఇచ్చింది నేను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆయన ఉద్యోగం నాకు వచ్చింది.

ఆయన కొన్నేళ్ళు అక్కడా ఇక్కడా తిరిగి చివరికి అరకు కొండల్లో సర్కారు కాఫీ తోటల మీద ఫీల్డుమన్‌గా చేరాడు. అప్పటినుంచి ఏటా ఉత్తరం, ఉత్తరం వెంట కాఫీ పొడి పొట్లం. మేము చాయ్ తాగే మనుషులం. మొదటి ఏడు మా ఆవిడ ఆ పొడిని అల్లం దంచి చాయ్‌లాగే మరిగించింది. ఇంటిల్లిపాదీ మూతి ముడుచుకుని తాగాము. ఉత్తరంలో ప్రతిసారీ ఒక వాక్యం ఉండేది: ఆ రోజున నువ్వు లేకపోతే మేము ఏమైపోయేవాళ్ళమో. ఆ వాక్యం వచ్చిన చోట నేను ఉత్తరం మడిచేసేవాణ్ణి.

ఈ ఏడు, అంటే పదహారేళ్ళకు, మా ఆవిడకు చెప్పాను. ఆమెది జనగామ పక్కన దేవరుప్పుల, మాట కడుపులో దాచుకునే మనిషి కాదు. "పొడి తాగింది ఇంటోళ్ళమందరం. పాపం మాత్రం నీ ఒక్కనిది. పోయి చెప్పిరా" అన్నది. ఈసారి పండు కోతకు రమ్మని అప్పారావు రాసి ఉన్నాడు. వస్తున్నానని కార్డు రాశాను. ఐదు కిలోల ఎండు మిరపకాయలు సంచిలో కట్టుకుని రైలెక్కాను.

సొరంగాల బండి

విశాఖపట్నంలో పొద్దున్నే కొండల బండి ఎక్కాలి. మన వైపు రైలు అంటే తిన్నగా పోయే వస్తువు. ఇది కొండను చుట్టుకుంటూ పైకి ఎక్కుతుంది. కిటికీలోంచి చూస్తే మన బండి ఇంజను మనకే ఎదురుగా వంపు తిరుగుతూ కనిపిస్తుంది. సొరంగాలు లెక్కపెడుతూ ఇరవై దాటాక తప్పిపోయాను. ఒక్కో సొరంగంలో పెట్టె అంతా చీకటి, బయటపడగానే ఒక లోయ, లోయ అడుగున దారంలాంటి వాగు, మళ్ళీ చీకటి.

నా ఎదురుగా ఎండుచేపల బుట్టతో ఒక పెద్దావిడ కూర్చుంది. వారం వారం అరకు సంతకు పోతుందట. ఆ బుట్ట వాసన, నా మిరపకాయల ఘాటు కలిసి పెట్టెలో అందరూ తుమ్మడం మొదలుపెట్టారు. జర సంచి జరుపుతానని నేను అనగానే ఆమె నా మొహంలోకి చూసింది.

"ఏ ఊరు బాబూ మీది? సినిమాలో రౌడీలాగున్నాది మాట."

నాకు చురుక్కుమన్నది. మా ఊళ్ళో ఇలాగే మాట్లాడుతారని చెప్పాను. ఆమె నా మనసు కనిపెట్టినట్టు నవ్వింది.

"కోపమొచ్చీసిందేటి? మా మాట మట్టుకు ఎవులికిచ్చినారు? అంట్లు తోమేదానికి ఇచ్చినారు. మీకు రౌడీ అయినా దక్కింది."

పెట్టెలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పారావుదీ ఇదే మాట. ఆయన మానుకోటకు వచ్చిన కొత్తలో 'ఏటి', 'వొచ్చీసాను' అంటుంటే మేమే కదా వెనక నుంచి అనుకరించి నవ్వుకున్నది. ఎక్కిరించింది మేమైతే, ఎక్కిరించాడన్న నింద ఆయన మీద వేశాను.

బొర్రా

నా టికెట్టు అరకు దాకా ఉన్నా బొర్రాలో దిగిపోయాను. గుహలు చూడాలని కాదు, ఇంకో పూట గడుస్తుందని. స్టేషను నుంచి అడవి దారిన నడవాలి. దారి చూపడానికి ఒక నడివయసు గిరిజనుడు కాగడాతో వచ్చాడు. రూపాయి ఇస్తానంటే తలాడించాడు.

గుహ నోరు చూస్తే మా ఊరు మొత్తం అందులోకి పట్టేలా ఉంది. లోపల కాగడా వెలుగులో కొండ పైకప్పు నుంచి రాయి కారి గడ్డకట్టినట్టు వేలాడుతోంది. కిందనుంచి అంతే ఎత్తు రాయి దానికి ఎదురుగా లేస్తోంది. నీటి చుక్క పైనుంచి పడి పడి, వేల ఏళ్ళకు ఇవి తయారవుతాయట. ఒకచోట పై రాయికీ కింది రాయికీ మధ్య బెత్తెడు ఎడం మిగిలింది. ఈ రెండూ ఎప్పుడు కలుస్తాయని అడిగాను. నీళ్ళు పడుతుంటే కలుస్తాయి, తొందర నీదా రాయిదా అన్నట్టు నవ్వాడు. లోతున ఒక లింగం ఉంది, దాని కింద వాగు పారుతున్న చప్పుడు వినిపిస్తుంది, వాగు మాత్రం కనిపించదు. బయటికి వచ్చాక ఎండ కళ్ళలో గుచ్చింది. ఆ మనిషి అడ్డాకు దొన్నెలో కాల్చిన కందగడ్డ పెట్టాడు. దానికి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. దారి చూపినందుకు రూపాయి సరే, తిండికి రూపాయి ఏమిటన్నాడు.

అరకు లోయ

ఆ రాత్రి బొర్రా స్టేషనులోనే పడుకుని, మర్నాడు బండికి అరకులో దిగాను. లోయ అంతా పసుపు రంగు. మా వైపు ఈ కాలంలో పసుపుపచ్చగా కనిపిస్తే కుసుమ చేను అనుకుంటాం. ఇవి వలిసె పూలు, గింజల నుంచి నూనె తీస్తారట. కొండల మీద పొగమంచు, కింద పసుపు చేలు, మధ్యలో ఎర్ర మట్టి దారి. భూపాలపల్లి వైపు అడవుల్లో నేను చాలా ఏళ్ళు తిరిగాను. అక్కడి టేకు అడవి ఈ నెలలో ఆకు రాల్చే తయారీలో ఉంటుంది. ఇక్కడి కొండ తడిగుడ్డ కప్పుకున్నట్టు ఉంది.

అప్పారావు స్టేషనుకు వచ్చాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. దూరం నుంచే చేతులు చాపాడు.

"ఇన్నాళ్ళకి వచ్చీసేవు నర్సయ్యా. మా ఆవిడ నిన్నటినుంచి వీధిలోనే ఉంది."

డుంబ్రిగూడ దాటి, బస్సు దిగి మూడు మైళ్ళు నడక. ఆయన నా మిరపకాయల సంచి లాక్కుని భుజాన వేసుకున్నాడు. ఎదురుపడిన ప్రతి మనిషికీ నన్ను చూపించి, ఆపదలో మమ్మల్ని కాపాడిన తమ్ముడని చెబుతూ నడిచాడు. ఆరుసార్లు చెప్పాడు. ఆరుసార్లూ నేను చెట్లవైపు చూశాను.

తోటలో

ఆయన భార్య సత్యవతి వదినె నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. చేటంత ఇంటిముందే పొయ్యి, పొయ్యి మీద ఇత్తడి గిన్నె. గుడ్డలో కాఫీ పొడి కట్టి మరిగే నీళ్ళలో ముంచి, బెల్లం వేసి ఇచ్చింది. మేము అల్లం వేసి తాగామని చెబితే దంపతులిద్దరూ పడీ పడీ నవ్వారు. నిజం చెప్పాలంటే కాఫీ రుచి నాకు ఆ పూటే తెలిసింది. చేదు ముందు తగిలి, మింగాక నాలుక వెనక తీపి మిగులుతుంది.

కాఫీ తోట అంటే నేను మన బత్తాయి తోటలా వరసలు ఊహించుకున్నాను. అది అడవే. పైన ఎత్తయిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్ళకు మిరియాల తీగ, వాటి నీడలో నడుమెత్తు కాఫీ మొక్కలు. నీడ తీసేస్తే మొక్క మాడిపోతుంది. కొమ్మ పొడుగునా గుత్తులు గుత్తులుగా పండు, ఒకే గుత్తిలో ఎర్రవి, పసుపువి, పచ్చివి. ఎర్రవి మాత్రమే ఒక్కొక్కటే కోయాలి. మిరపలో మేము గుప్పెడు దూస్తాం, ఇక్కడ అలా దూస్తే తిడతారు. పండు చప్పరిస్తే తేనె తీపి.

కోసినది ఆ సాయంత్రమే చేతిమిషన్లో వేసి తోలు ఒలవాలి. జిగురు గింజలను తొట్టిలో ఒక రాత్రి నాననిచ్చి, తెల్లవారి వాగు నీళ్ళలో కడిగి, సిమెంటు కల్లంలో పలచగా ఆరబెట్టాలి. ఆ కల్లం బాధ్యత పండన్న అనే ముసలాయనది. పక్క గూడెం మనిషి. తోటలో మిగతావాళ్ళంతా ఏ రోజు కూలీ ఆ రోజు తీసుకునేవాళ్ళు. నెల జీతం ఉన్నది ఆయన ఒక్కడికే, దానిమీదే ఇల్లు నడుస్తుంది. పదేళ్ళుగా కాఫీ ఆరబెడుతున్న పండన్న కాఫీ ఒక్కసారే తాగాడట. చేదు, మా రాగి అంబలే మేలు అన్నాడు. నాకూ ఒక దొన్నె పోశాడు. కొత్త పంట ఏదైనా కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టనిదే నోట పెట్టరట. మా వైపు కోయవాళ్ళూ అంతేనని చెబితే, అక్కడా మనవాళ్ళున్నారా అని ఆశ్చర్యపోయాడు.

రెండు రోజులు అలా గడిచాయి. రోజూ పొద్దున ఈ పూట చెప్పాలనుకోవడం, కోతకు పోవడం, అన్నం తినడం, వదినె కొసరి వడ్డించడం, నోరు మూసుకోవడం. మూడో రోజు చేతిమిషను పిడి విరిగింది. అప్పారావు దాన్ని అతికించుకు రావడానికి అరకు వెళ్ళాడు. పండన్న మేనకోడలి పెళ్ళికని మధ్యాహ్నమే సెలవు తీసుకున్నాడు. మిషను లేదు కనుక ఆ రోజు కోసిన పండంతా కల్లంలో పలచగా పరచమని, రాత్రికి ముట్టుకోవద్దని కోతవాళ్ళకు చెప్పి వెళ్ళాడు. నేను ఆ మాట విన్నాను. కానీ సాయంత్రం వాళ్ళు వెళ్ళిపోయాక మంచు దిగడం చూశాను. కొన్ని పండ్లు ఇంకా పసుపు ఛాయలో ఉండడం చూశాను. పదహారేళ్ళు రైతులకు పాఠాలు చెప్పిన మనిషిని కదా, చేతులు ఊరుకోలేదు.

మా దగ్గర కోసిన మిరపకాయను వెంటనే ఆరబెట్టరు. కుప్ప పోసి, గోనెలు కప్పి, రెండు రోజులు మగ్గనిస్తారు. లోపలి వేడికి పచ్చివి కూడా ఎర్రబడి, కల్లమంతా ఒకే రంగు వస్తుంది. నేను అదే చేశాను. పండంతా పారతో లాగి నడుమెత్తు కుప్ప పోసి, గోనెలు కప్పి, పైన తాటాకు తడిక వేసి, చేతులు దులుపుకుని తృప్తిగా చూసుకున్నాను.

కల్లం

తెల్లవారి కల్లం దగ్గర పుల్లటి వాసన. పండన్న గోనె ఎత్తి చూస్తున్నాడు. లోపలినుంచి ఆవిరి వస్తోంది. పండు నల్లబడి మెత్తబడింది. మిరపకు ప్రాణం పోసే వేడి కాఫీ పండును ఒక్క రాత్రిలో పులియబెట్టేస్తుందని నాకేం తెలుసు. పండన్న నన్ను చూశాడు, నా చేతులకు అంటిన ఎర్ర మరకలు చూశాడు. అప్పుడే అప్పారావు బాగుచేయించిన పిడితో వచ్చాడు.

ఆయన కోపం నేను చూడడం అదే మొదటిసారి. పెళ్ళిలో జీలుగు కల్లు తాగి వచ్చి కుప్ప పోస్తావా, ఎవరు పోయమన్నారని పండన్న మీద అరిచాడు. నలభై మంది కోసిన పండు, పైవాళ్ళకు ఏం చెప్పను, ఇక నువ్వు కల్లంలో అడుగుపెట్టకు, కోతల్లోకి పో అన్నాడు. నెల జీతం పోయిందన్న మాట అది.

పండన్న తల వంచుకుని, "తప్పైపోనాది బాబూ" అన్నాడు.

నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఒక్క నిమిషం ఉండి ఉంటుంది. ఆ నిమిషంలో, ఊరుకుంటే ఇదీ గడిచిపోతుందని నాకు అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనిపించింది. మా మేనమామ అరుగు మీద కూర్చున్న మనిషే ఇంకా నాలో కూర్చుని ఉన్నాడు.

"అన్నా, కుప్ప పోసింది నేను. మిరపకాయ లెక్క మగ్గుతదనుకున్న. పండన్న లేడు గప్పుడు" అన్నాను.

అప్పారావు పండన్న వైపు తిరిగి, మరి నువ్వెందుకు ఒప్పుకున్నావని అడిగాడు. ఇంటికొచ్చిన చుట్టం మీద తప్పు పెడితే మా గూడెంలో నీళ్ళు కూడా ఇవ్వరు బాబూ అన్నాడు పండన్న, వేరే దారి ఏముందన్నట్టు. అప్పారావు కోపం దిగిపోయింది. తల పట్టుకుని కూర్చుని, కాసేపటికి నవ్వాడు కూడా. పండన్న భుజం తట్టి, కల్లం నీదేలే అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"చూశావా పండన్నా, చెప్పలేదూ? ఇంకొకడైతే నోరు మూసుకుని ఊరుకునేవోడు. మా నర్సయ్య అలాటోడు కాడు. ఆ రోజున రాళ్ళు పడతన్నప్పుడు కూడా..."

ఇక నావల్ల కాలేదు.

"ఆ రాళ్ళు ఏయించింది నేనే అన్నా."

ఆయనకు అర్థం కాలేదు. నిలబడే మొత్తం చెప్పాను. అరుగు, నలుగురు కుర్రవాళ్ళు, వాళ్ళు ఆయన్ను ఉండనిద్దామన్న సంగతి, నేనన్న మాట అక్షరం పొల్లుపోకుండా, ఉద్యోగం కోసమే అన్నానన్నది. వాకిట్లోకి వచ్చిన వదినె కూడా వింది. చెప్పడం పూర్తయ్యాక అప్పారావు ఒక్కటే అడిగాడు.

"నేను మీ మాటను వెక్కిరించేనని చెప్పేవా?"

అవునన్నాను. ఆయన లేచి, మిషను పిడి అక్కడే పెట్టి, తోటలోకి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా నేను పండన్నతో కలిసి చెడిన కుప్పలో చెడనివి ఏరాను. నీళ్ళ తొట్టిలో పోసి తేలినవి తీసేసి, గట్టివి వేరుచేసి, తోలుతోనే ఎండబెట్టడానికి పరిచాము. అలా ఎండినది తక్కువ రకం కింద అయినా తీసుకుంటారట. సగానికి పైగా దక్కింది. ఆ పనంతా పండన్నే నేర్పాడు.

మధ్యాహ్నం వదినె అన్నం పెట్టింది. అంతకుముందు తమ్ముడూ అని పిలిచే మనిషి.

"నర్సయ్య గారూ, ఏటా మొదటి పొడి మీకే పంపేవారు. మా అన్నయ్యకి కూడా ఆ తర్వాతే. ఆ వేళ నాకు మూడో నెల. రైల్లోనే పోయింది. మీ ఊరు పేరు ఈ ఇంట్లో ఎత్తకండి."

ఆ సంగతి నాకు తెలియదు. ఏ ఉత్తరంలోనూ ఆయన రాయలేదు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పూర్తిగా తినండి, అన్నం పారేయకూడదు అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. తిన్నాను. ఆ అన్నం రుచి ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పలేను.

చాపరాయి

తెల్లవారి నా సంచి సర్దుకుంటుంటే అప్పారావు గుమ్మంలోకి వచ్చి, చాపరాయి వాగు చూపిస్తానని మాటిచ్చాను కదా, పద అన్నాడు.

చాపరాయి దగ్గర వాగు ఒక పెద్ద బండమీద పడుతుంది. ఎత్తునుంచి దూకే జలపాతం కాదు. బండంతా చాపలా పరుచుకుని, దానిమీద నీళ్ళు పలచగా జారుతూ, మెట్టు మెట్టుగా కిందికి పోతాయి. నీటి నునుపుకు రాయి అద్దంలా ఉంది. కాలు పెట్టగానే జారి, కూలబడిన చోటు నుంచి పది గజాలు కూర్చున్నట్టే జారిపోయాను. పంచె తడిసి, మోచేయి చీరుకుంది. అప్పారావు చేయి ఇచ్చి లేపాడు. లేపాక చేయి వదిలేశాడు.

పొడి రాయి చూసుకుని కూర్చున్నాము. ఆయనే మొదలుపెట్టాడు.

"ఉద్యోగం పోయినందుకు కాదు నర్సయ్యా. పొట్టకి ఇక్కడ దొరికింది. ఆ ఊళ్ళో నాలుగేళ్ళు తిరిగేను. నేను కట్టుకెళ్ళిన అన్నం తిననిచ్చిన ఇల్లు లేదు, అందరూ వాళ్ళదే పెట్టేరు. వాళ్ళని నేను వెక్కిరించేనని అనుకుంటన్నారన్నమాట, ఇన్నాళ్ళూ."

ఆ పని అయినా సరిగ్గా చేశావా అని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మొదటి రెండేళ్ళు సంతకాలు పెట్టి ఇంట్లో పడుకున్నానని, ఒక ఏడు మిరపకు తెగులు వచ్చి, ఒక రైతు నా ఎదుటే చేను తగలబెట్టాక సైకిలు దిగలేదని. ఏ ఊళ్ళో అని అడిగాడు. చెప్పాను. ఆ రైతు పేరు ఆయనకు గుర్తుంది. బాగున్నాడా అన్నాడు. బాగున్నాడు, ఇప్పుడు నారు పోసే ముందు విత్తనానికి మందు పట్టించనిదే వదలడు అన్నాను. అది నేను నేర్పిందే అన్నాడు అప్పారావు. నిజమే, ఆయన దగ్గర చూసి నేను నేర్చుకున్నదే. తర్వాత ఒక్కొక్కరినీ అడిగాడు. గూడూరు దారిలో బావి తవ్వించిన బాపు, గార్ల దగ్గర మామిడి తోట వేసిన విధవావిడ. పోయినవాళ్ళు పోయారని, ఉన్నవాళ్ళు ఉన్నారని చెప్పుకుంటూ పోయాను. పొద్దు నడినెత్తికి వచ్చింది.

బస్సు దగ్గర ఆయన అన్న మాటలు ఇవి.

"క్షమించేనని ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. నువ్వొక పని చెయ్. ఆ నలుగురికీ నిజం చెప్పు. చెప్పేక నాకు రాయి. మీ మిరప కల్లాల వేళకి వస్తాను."

వదినె వస్తుందా అని అడగబోయాను. ఆయనే తల అడ్డంగా ఊపాడు.

తిరిగి వచ్చాక

ఆ నలుగురిలో ఒకాయన ఇప్పుడు లేడు. ఆయన భార్యకు చెప్పాను. ఎందుకు చెబుతున్నానో ఆమెకు అర్థం కాలేదు, అయినా విన్నది. ఒకాయన మానుకోటలోనే ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. విని, దుకాణంలోంచి బయటికి నడవమన్నాడు. నాలుగు రోజుల తర్వాత తనే రమ్మని కబురుపెట్టాడు. జనగామలో స్కూలు పంతులుగా ఉన్న మూడో ఆయన, నీ మాట పట్టుకుని రాయి విసిరిన చెయ్యి నాది, నువ్వొక్కడివే మోస్తే ఎట్ల అన్నాడు. నాలుగో ఆయన కోసం భూపాలపల్లి పోయాను. బొగ్గు పనిలో ఉన్నాడు. డ్యూటీ దిగి, నల్లటి మొహంతోనే నా ముందు కూర్చుని అంతా విన్నాడు.

"సారు మంచోడని నేనే అన్న గదనే అప్పుడు. నా మాట మీద నేను నిలవడకపోతి." ఇంతే అన్నాడు. తర్వాత సారు చిరునామా రాసిమ్మన్నాడు.

ఆయన ఏం రాశాడో నాకు తెలియదు. నేను మాత్రం జరిగింది జరిగినట్టు అరకుకు రాశాను. వదినె చెప్పిన సంగతి తెలిశాక మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే విడిగా ఒక కార్డు రాసింది, ఏం రాసిందో నేను అడగలేదు.

మాకు జవాబు నిన్న వచ్చింది. మాఘంలో బయల్దేరుతున్నానని, విరిగిన పిడి బాగా పనిచేస్తోందని, కుప్పలో మిగిలిన పండును తక్కువ రకం కింద తీసుకున్నారని, కల్లంలో పండన్నే ఉన్నాడని అప్పారావు రాశాడు. ఆపద, సాయం వంటి పాత వాక్యం ఈ ఉత్తరంలో లేదు. అది లేకపోవడం వల్ల మొదటిసారి ఉత్తరం చివరిదాకా చదివాను. చివర వేరే చేతిరాత, పెన్సిలుతో:

'నేనూ వస్తున్నాను. రైతుల ఇళ్ళు చూడాలి. మీ ఇంట్లో కారం తగ్గించి వండమనండి.'